గోడ మీద రెండు సెకన్ల తుపాకి

పోయిన ఆదివారం మా మేనల్లుడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు. ఇద్దరు స్నేహితులతో కలిసి షూటింగ్ గేమ్ ఒకటి తయారు చేస్తున్నాడట. కథ మన గండికోటలోనే. కాలం 1650. కింద గోల్కొండ సైన్యం, పైన కోట గోడ మీద మనం. తెర మీద పెన్న లోయ చూడగానే ముచ్చటేసింది. పలకలు పలకలుగా పేర్చినట్టుండే ఎర్రరాయి, సాయంత్రం పూట దాని మీద పడే ఎండ, అడుగున సన్నటి నీటిపాయ, అన్నీ దించేశారు. శభాష్ అనబోతున్నా, అంతలో వాడు తుపాకి పేల్చి చూపించాడు. ఢాం. రెండు సెకన్లు. మళ్లీ ఢాం.

"అబ్బీ, అది వత్తి తుపాకి గదరా?" అన్నా.

"అవును మామా. మోడల్ చూడు, చెక్క మీద గీతలు గూడా కనపడతాయి."

"గీతలు సరే. మందు ఎవురు దట్టించినారు?"

వాడు కీబోర్డు మీద 'ఆర్' మీట చూపించాడు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా తూటాల లెక్క పిచ్చి తెలిసిందే. ఆరు గుళ్ల రివాల్వర్‌తో హీరో పదకొండో మనిషిని పడగొడుతుంటే పక్క సీటువాళ్ల ప్రాణాలు తోడేది నేనే. సుమోలు గాల్లోకి లేచే మా సీమ సినిమాల గురించి ఇక్కడ ఇప్పటికే కావలసినంత ఏడ్చాను కాబట్టి ఈ వారానికి వదిలేస్తున్నా.

నిజానికి సినిమావాళ్ల కంటే గేమ్‌లవాళ్లే నయం. మన పిల్లకాయలు రాత్రుళ్లు మేలుకుని ఆడిన పబ్జీనే తీసుకోండి. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని ఆపేస్తే, మరుసటి ఏడు జులైలో బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. అందులో దూరంగా పరిగెత్తేవాణ్ని కొట్టాలంటే వాడికంటే కాస్త ముందుకు, కాస్త పైకి గురి పెట్టాలి. తూటా చేరడానికి టైం పడుతుంది, పోతూ పోతూ కిందికి జారుతుంది. ఏకే రకం తుపాకి నుంచి తూటా సెకనుకు 700 మీటర్లు దాటిన వేగంతో బయల్దేరుతుంది. శబ్దం నడక 340 మీటర్లే. అందుకే తూటా ముందు తగిలి, చప్పుడు వెనక వినపడుతుంది. ఇంత లెక్క తెలిసినవాళ్లు, ముప్పై తూటాల మ్యాగజైన్‌లో పది కాల్చి కొత్తది పెట్టుకుంటే మాత్రం, మిగిలిన ఇరవైని ఎవరూ తియ్యకుండానే సంచిలో కలిపేస్తారు! 2008లో వచ్చిన ఫార్ క్రై 2లో తుపాకులు పాతబడి తుప్పు పడతాయి, సరిగ్గా అవసరమైనప్పుడే ఇరుక్కుపోతాయి. 2012లో వచ్చిన రిసీవర్‌లో తూటాలు ఒక్కొక్కటే ఎక్కించాలి. మ్యాగజైన్ పెట్టడానికి ఒక మీట, స్లైడ్ లాగడానికి ఇంకో మీట. కంగారులో ఒకటి మరిచిపోతే టిక్ మని ఊరుకుంటుంది. అవి చేసినవాళ్లకు ఒక దండం.

అందుకని మేనల్లుడికి గట్టిగానే క్లాసు పీకాను. గొట్టంలో కొలిచిన మందు పొయ్యాలి. గుండు వెయ్యాలి. పొడవాటి కడ్డీతో దట్టించాలి. పక్కనున్న చిన్న పళ్లెంలో చిటికెడు మందు వేసి మూత పెట్టాలి. వత్తి కొసన నిప్పును ఊది ఎర్రగా చేసుకోవాలి, మూత తియ్యాలి, గురి చూడాలి. చెయ్యి తిరిగినవాడికైనా అర నిమిషం తక్కువ కాదు. వాన పడితే వత్తి ఆరుతుంది. రాత్రయితే ఆ నిప్పే మనం ఎక్కడున్నామో శత్రువుకు చెప్పేస్తుంది. వాడు బుద్ధిగా రాసుకున్నాడు.

గండికోట, తుపాకి మందు కలిపి తలుచుకుంటే నాకు టావెర్నియే గుర్తురాక తప్పదు. వజ్రాల వ్యాపారి, ఫ్రెంచివాడు. 1652లో గండికోటకు వచ్చాడు. అప్పటికి రెండేళ్ల కిందటే మీర్ జుమ్లా పెమ్మసాని చిన తిమ్మానాయుడి చేతిలోంచి కోటను గుంజుకుని కూర్చున్నాడు. ఆ మీర్ జుమ్లా పర్షియా నుంచి వచ్చి, వజ్రాల గనులతో కోట్లు గడించి, గోల్కొండ సుల్తాను కొలువులో పెద్ద తలకాయ అయినవాడు. తర్వాత ఔరంగజేబు పక్షం చేరి బెంగాలు ఏలాడు. టావెర్నియే ఆయన్ను డేరాలో చూశాడు. కాలివేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే లాగి జవాబులు చెబుతున్నాడట. మన కలెక్టరాఫీసుల్లో ఫైళ్ల గుట్టలు చూసినప్పుడల్లా నాకు ఆ కాలివేళ్లే గుర్తొస్తాయి.

ఆ కోటలో ఇంకో ఫ్రెంచివాడు ఉన్నాడు. బూర్జ్ పట్టణంవాడు, పేరు క్లోద్ మాయే. ఫిరంగులు పోత పోయడం వచ్చునని మీర్ జుమ్లా కొలువులో చేరాడు. నలభై ఎనిమిది పౌండ్ల గుండు వేసేవి పది, ఇరవై నాలుగు పౌండ్లవి పది పోసివ్వమని పురమాయింపు. పెద్ద వాటి గుండు ఒక్కోటి ఇరవై కిలోలు దాటుతుంది. రాగి ఎక్కడిది? గుళ్లలోది. మీర్ జుమ్లా చుట్టుపక్కల గుళ్ల విగ్రహాలు తెప్పించి కొలిమికి పంపాడు. అన్నీ కరిగాయి కానీ, గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం కరగలేదట. మూడు కూర్చున్నవి, మూడు పదడుగుల ఎత్తున నిలుచున్నవి. ఎంత ఖర్చు పెట్టినా కరగలేదు. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా మండిపడ్డాడు. రాగి కరగాలంటే 1085 డిగ్రీల వేడి కావాలి. అంతంత పెద్ద ముద్దలకు ఆ వేడి లోపలిదాకా ఎక్కలేదేమో అని నా బుర్ర అంటుంది. ఊళ్లో ఎవరైనా మహిమ అంటే నేను కాదనను, నాకెందుకు? మొత్తానికి మాయే ఒక్క ఫిరంగీ ముగించలేకపోయాడు. ఒకటి పగిలింది, తక్కినవి సగంలో ఆగాయి. కొంతకాలానికి కొలువు వదిలేసి తన దారిన పోయాడు.

పోత పోసేటప్పుడు లోహంలో గాలి చిక్కుకుంటే గొట్టం పైకి నున్నగానే ఉంటుంది. లోపలి డొల్ల తెలిసేది మందు అంటించినాకే. అప్పుడు పోయేది శత్రువు కాదు, ఫిరంగి వెనకున్నవాడు. ఏ గేమ్‌లోనైనా తన ఆయుధాన్ని చూసి తనే భయపడి నాలుగడుగులు వెనక్కి వేసిన ఆటగాణ్ని చూశారా?

బుధవారానికి మేనల్లుడు నేను చెప్పినట్టే మార్చుకొచ్చాడు. గోడ మీద కూర్చోబెట్టి ఆడమన్నాడు. మందు పోశాను, గుండు వేశాను. కడ్డీ తీసి దట్టిస్తున్నా, నిచ్చెనెక్కి ఒకడు వచ్చి పొడిచిపోయాడు. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి వత్తి ఊదుతుండగా చచ్చాను. తర్వాత మందు పోస్తుండగానే.

"ఎవుడాడతాడు మామా దీన్ని?" అన్నాడు వాడు, గెలిచినవాడిలా.

వాడి మాటలో పాయింటు ఉంది గానీ, వాడు అనుకునేది కాదు. ఆ కాలంలో వత్తి తుపాకి పట్టుకుని ఒంటరిగా యుద్ధం చేసినవాడు లేడు. ఒక వరస కాలుస్తుంటే ఇంకో వరస మందు దట్టించేది. దట్టించేవాడి మీదికి ఎవడూ రాకుండా ఈటెలవాళ్లు కాచుకునేవాళ్లు. మందు బస్తాలు మోయడానికి ఎద్దులు, గోడ కింద నీళ్ల కుండలు. అర నిమిషం ఆలస్యం తుపాకిలో ఉంటే, దానికి మందు ఆ గుంపులో ఉండేది. నెపోలియన్ కాలం తుపాకులతో హోల్డ్‌ఫాస్ట్ అనే గేమ్ ఉంది. అందులో పదులకొద్దీ మనుషులు ఎక్కడెక్కడి నుంచో కలిసి, ఒకడు ఆజ్ఞ ఇస్తే వరసగా నిలబడి కాలుస్తారు. నిదానమైన తుపాకి అక్కడ కుదిరింది, ఎందుకంటే పక్కన మనుషులున్నారు. మా వాడి గేమ్‌లో మొత్తం కోటను ఒక్కడే కాపాడాలి. గండికోటను ఒక్కడు కాపాడాడన్నది ఎంత అబద్ధమో, రెండు సెకన్ల తుపాకి అంతే అబద్ధం. మొదటిది ఉంచి రెండోదాన్ని మాత్రం సరిచేయమన్నాను నేను. సగం అబద్ధం పూర్తి అబద్ధం కంటే ఘోరంగా తయారైంది.

"రెండు సెకన్లే పెట్టుకోరా" అన్నా. వాడు నమ్మలేదు.

దానికి బదులు రెండు అడిగాను. మొదటిది పొగ. తుపాకి మందు పేలితే తెల్లటి దట్టమైన పొగ లేస్తుంది. నాలుగు తుపాకులు పేలితే ఎదుటివాడు కనపడడు, గాలి వచ్చిందాకా గుడ్డిగా నిలబడాల్సిందే. దానికి ఆటగాడి టైం ఏమీ పోదు. రెండోది ప్రతిధ్వని. లోయ మీద పేల్చిన చప్పుడు ఎదుటి కొండకు తగిలి తిరిగి రావాలి. కొండ 170 మీటర్ల దూరంలో ఉంటే సెకనుకు వస్తుంది, వంపు తిరిగిన చోట ఇంకాస్త ఆలస్యంగా ఇంకోటి వస్తుంది. వాడి గేమ్‌లో ఢాం అంటే గదిలో తలుపేసినట్టుంది. ఈ రెండింటికీ ఒప్పుకున్నాడు.

ఇప్పుడు బురుజు మీద ఫిరంగులు పెడుతున్నాడు. గండికోట ఫిరంగి పగలాలి గదరా అని మాయే కథ మొత్తం చెప్పాను. ఓపిగ్గా విని, "ఆ దొర పోత పోసింది కోట పోయినాక గదా మామా? మా ఆట 1650లోనే అయిపోతాది. మా ఫిరంగులు పేలతాయి" అన్నాడు.