ముసాఫర్ బంగళాలో ఒక రాత్రి

ముసాఫర్ బంగళా అంటే దారిన పోయే ప్రయాణికులు ఒకటి రెండు రాత్రులు ఉండటానికి సర్కారు కట్టించిన ఇల్లు. ఉత్తరాదిలో అది డాక్ బంగళా. మద్రాసు ప్రెసిడెన్సీలో ట్రావెలర్స్ బంగళా, జనం నోట టీబీ. కాలవ గట్ల మీద, చెరువుల పక్కన ఇంజనీర్లు తమ తనిఖీల కోసం కట్టుకున్నవి ఇన్‌స్పెక్షన్ బంగళాలు. అడవుల్లోవి ఫారెస్ట్ రెస్ట్‌హౌసులు. ఏ శాఖ కట్టినా ఇంటి తీరు దాదాపు ఒకటే. ముందూ వెనకా వరండా, మధ్యలో హాలు, అటూ ఇటూ ఒక్కో పడకగది, విడిగా వంటిల్లు, కాంపౌండులో నాలుగు పాత చెట్లు. కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణలో పాత తాలూకా కేంద్రాల్లో ఇలాంటి ఇళ్లు ఇంకా కొన్ని నిలబడి ఉన్నాయి.

రైలు రాకముందు దూరప్రయాణం పాలకీలో సాగేది. ప్రయాణికుడు ముందుగా పోస్టుమాస్టరుకు రాసి డబ్బు కడితే మజిలీ మజిలీకి కొత్త బోయీలు సిద్ధంగా ఉండేవారు. టపా నడిచే ఏర్పాటు మీదే మనుషుల ప్రయాణమూ నడిచేది. 1840ల నుంచి ముఖ్యమైన రోడ్ల వెంట సుమారు 10, 15 మైళ్లకొకటి చొప్పున సర్కారు బంగళాలు లేచాయి. ఎండకు జడిసి పాలకీలు ఎక్కువగా రాత్రిపూటే కదిలేవి కాబట్టి తొలినాటి బంగళాలు చాలావరకు పగటినిద్రకే పనికొచ్చాయి. తెల్లవారుతుండగా దిగడం, స్నానం చేసి ఇంత తిని చీకటి గదిలో పడుకోవడం, పొద్దు వాలాక మళ్లీ పాలకీ ఎక్కడం, ఇదీ వరస. రైళ్లు, ఆ తర్వాత మోటారు కార్లు వచ్చాకే అవి రాత్రి బసలయ్యాయి.

తెలుగులో దారి బసల గురించి అంతకన్నా పాత సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్యది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయల్దేరి, కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. ఏ ఊళ్లో సత్రం ఉంది, ఎక్కడ ముసాఫరుఖానా ఉంది, నీళ్లు ఎలాంటివి, బజారులో ఏం దొరుకుతాయి అన్నది 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీ వారీగా రాసుకుంటూ పోయాడు. రాత్రికి ఎక్కడ దిగాలన్నది ఆ రోజుల్లో ఎంత పెద్ద ప్రశ్నో ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది.

సత్రానికీ బంగళాకూ తేడా ఉంది. సత్రం ఎవరో దాత పుణ్యానికి కట్టించింది, మాన్యాల రాబడి మీద నడిచింది. అది డబ్బు తీసుకోదు గానీ చాలాచోట్ల కులం అడుగుతుంది. బంగళా అద్దె తీసుకుంటుంది, నిబంధనల్లో కులం ఊసు లేదు. అయినా ఆ గదుల్లో దిగినవాళ్లు ఎక్కువగా దొరలు, హోదా ఉన్న కొద్దిమంది మనవాళ్లు. ఊరి రైతుకు ఆ మెట్లు ఎక్కే ధైర్యం ఉండేది కాదు. ఆ జంకు స్వాతంత్ర్యం వచ్చాక కూడా పూర్తిగా పోలేదు.

ఇంటి బలమంతా గోడల్లో, కప్పులో ఉంది. గోడలు సుమారు రెండడుగుల మందం, గానుగ సున్నంతో కట్టినవి. గుండ్రటి గాడిలో సున్నం, ఇసుక పోసి, ఎద్దులు తిప్పే రాతి చక్రం కింద మెత్తగా నలిగేదాకా తిప్పితే వచ్చేది గానుగ సున్నం. కప్పు రెండు రకాలు. ఒకటి మంగళూరు పెంకు. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక ఆ ఎర్ర పెంకు దక్షిణాది అంతా పాకింది. రెండోది మద్రాసు టెర్రస్. దీన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని చేయగల మేస్త్రీలు ఇప్పుడు దొరకడం కష్టం.

ముందు టేకు దూలాలను దగ్గర దగ్గరగా వరసకట్టి పరుస్తారు. వాటి మీద సన్నటి చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి, గదికి ఐమూలగా, సున్నంతో ఒకదానికొకటి అంటిస్తూ పోతారు. ఒక వరస పట్టుకున్నాక మరో వరస. ఆ పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి పోసి, కూలీలు వరసగా కూర్చుని కొయ్య బద్దలతో రోజుల తరబడి కొడతారు. కొడుతూ కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతారు. బద్ద తగిలినప్పుడు మెత్తటి చప్పుడు పోయి గట్టి చప్పుడు వచ్చేదాకా ఆ పని ఆగదు. సరిగ్గా చేసి, ఏటా చూసుకుంటే అలాంటి కప్పు తరాలు నిలుస్తుంది. మంచం మీద వెల్లకిలా పడుకుంటే నల్లబడిన దూలాల మధ్య ఆ ఐమూల ఇటుకల గీతలు వెల్ల కింద నుంచి ఇప్పటికీ కనిపిస్తాయి.

కప్పు ఎత్తు పెట్టింది డాబు కోసం కాదు. వేడిగాలి పైకి పోయి, గోడ పై అంచున ఉన్న వెంటిలేటర్ల గుండా బయటికి పోవాలి. వెంటిలేటరుకు నడుమ ఇరుసు ఉంటుంది. కింద నుంచి తాడు లాగితే రెక్క వాలుతుంది, వదిలితే మూసుకుంటుంది. ఆ తాడును గోడకున్న కొక్కేనికి చుట్టి బిగిస్తారు. మందపాటి గోడ పగటి వేడిని తనలో పట్టి ఉంచి, రాత్రికి మెల్లగా గదిలోకి వదులుతుంది. అందుకే మే నెలలో బంగళా గది మధ్యాహ్నం చల్లగా ఉండి, రాత్రి భోజనాలయ్యాక ఉక్కపోస్తుంది. తెలిసినవాళ్లు నవారు మంచం వరండాలోకి లాగించుకుని దోమతెర కట్టించుకునేవారు. పగలు ఆ వరండాకే వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు.

హాలు దూలాలకు కొన్ని బంగళాల్లో ఇంకా ఇనప కొక్కేలు మిగిలి ఉంటాయి. అవి పంకా వేలాడినవి. పొడవాటి చట్రానికి గుడ్డ బిగించి, దాని తాడును గోడలోని రంధ్రం గుండా వెనక వరండాలోకి తీసేవారు. అక్కడ ఒక మనిషి కూర్చుని రాత్రంతా లాగేవాడు. లోపలివాళ్లు నిద్రపోవాలంటే బయట అతను మేలుకునే ఉండాలి. స్నానాల గదికి బయటి నుంచి ఇంకో తలుపు ఉండటానికి కారణం ఇంతకన్నా చేదు. నీటి గొట్టాలు లేని కాలంలో పాకీపని చేసేవాళ్లు ఇంట్లో అడుగుపెట్టకుండా, ఎవరి కంటా పడకుండా ఆ తలుపు గుండానే వచ్చి కుండ ఎత్తుకుపోవాలి. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ దేశంలో 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం వచ్చాయి. పాత బంగళాల అందం గురించి రాసేవాళ్లు ఆ తాడు గురించి, ఆ తలుపు గురించి రాయకపోతే సగమే రాసినట్టు.

బంగళాకు ప్రాణం అందులో పనిచేసే మనిషి. ఉత్తరాదిన ఖాన్సామా, మద్రాసు వైపు బట్లరు. తాళాలు, దుప్పట్లు, దీపాలు, పింగాణీ సామాను అన్నీ అతని చేతి కిందే ఉండేవి. చెప్పాపెట్టకుండా దిగే అతిథికి వెంటనే భోజనం పెట్టాలంటే దొడ్లో కోడే దిక్కు. అతిథి మెట్లెక్కుతుంటే దాన్ని పట్టుకునేవారు. స్నానం చేసి బట్టలు మార్చుకుని వచ్చేసరికి అది బల్ల మీద ఉండేది. ఆంగ్లో ఇండియన్లు ఆ వంటకానికి సడన్ డెత్ అని పేరు పెట్టారు. వాళ్ల పలుకుబళ్ల నిఘంటువు హాబ్సన్ జాబ్సన్‌లో ఆ పేరు నమోదైంది కూడా. దానికి తోడు మిరియాల చారు నుంచి పుట్టిన మల్లిగటానీ సూప్, కంట్రీ కెప్టెన్ అనే కోడికూర, చివర్లో కారమెల్ కస్టర్డ్. బెంగాల్లో డాక్ బంగళా పేరుతో గుడ్లు, బంగాళాదుంపలు వేసి చేసే మాంసం కూరను ఇప్పటికీ ఇష్టంగా తింటారు. పొగకు, నిప్పుకు భయపడి వంటిల్లు విడిగా కట్టారు గనక ఇవన్నీ మూతలు పెట్టుకుని వాకిలి దాటి రావలసిందే. ఇంత తక్కువ సరంజామాతో, ఇంత తొందరలో నడిచిన వంట ఒక పెద్ద విద్య. దానికి దక్కాల్సినంత గౌరవం దక్కలేదు.

బస నిబంధనలు హాల్లో గోడకు వేలాడేవి. అన్నిటికన్నా ముఖ్యమైనది 24 గంటల నిబంధన. గది కావలసినవాళ్లు వేరే వచ్చి ఉంటే, ఒక రోజు గడిపినవాళ్లు ఖాళీ చేసి దారిన పడాలి. ముందు నుంచీ ఉన్నవాళ్లకన్నా అప్పుడే వచ్చి దిగిన ప్రయాణికుడిదే హక్కు. సర్కారు బసల కోసం రాసిన నిబంధనల్లో ఇంత న్యాయమైనది ఇంకొకటి లేదు. 19వ శతాబ్దంలో మామూలు అద్దె రోజుకు మనిషికి ఒక రూపాయి. వెళ్లేటప్పుడు రిజిస్టరులో పేరు, హోదా, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, కట్టిన సొమ్ము రాసి, ఫిర్యాదు ఏదైనా ఉంటే ఆ పక్కనే రాయాలి. పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు మొదట అడిగేది ఆ పుస్తకాన్నే.

చీకటి పడ్డాక బంగళా మాట్లాడుతుంది. పగలు వేడెక్కిన టేకు దూలాలు చల్లబడుతూ బిగుసుకుని టక్కుమంటాయి. పెంకుల కింద ఎలుకలు పరుగెత్తుతాయి. వెంటిలేటరు రెక్క గాలికి కొట్టుకుంటుంది. ఊరికి దూరంగా ఒంటరిగా ఉన్న ఇల్లు కావడంతో ప్రతి చప్పుడూ పెద్దగా వినిపిస్తుంది. దయ్యాల కథలకు డాక్ బంగళా పుట్టిల్లయింది ఇందుకే. రడ్యార్డ్ కిప్లింగ్ కథ ఒకదానిలో ఒక ప్రయాణికుడు డాక్ బంగళాలో పడుకుని పక్క గదిలో బిలియర్డ్స్ ఆడుతున్న చప్పుడు వింటాడు. ఆ చప్పుడు ఎలుకది, కిటికీ చట్రానిది అని తెల్లవారాక తేలుతుంది. కొత్తగా దిగినవాళ్లు పడుకోబోయే ముందు వెంటిలేటరు తాడు బిగించుకుంటే సగం భయం అక్కడే పోతుంది.

స్వాతంత్ర్యం తర్వాత చాలా టీబీలు రోడ్లు భవనాల శాఖ చేతికి, జిల్లా పరిషత్తుల చేతికి వెళ్లాయి. గదులు డ్యూటీ మీద వచ్చే అధికారులకు, ప్రజాప్రతినిధులకు ముందు. ఖాళీ ఉంటేనే మిగతావాళ్లకు. ఆ ఖాళీ ఉందో లేదో మామూలు మనిషికి తెలిసే దారి ఉండదు. ఊళ్లో లాడ్జీలు వచ్చాక అడిగేవాళ్లూ తగ్గారు. మంజీరా మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ పక్కన కట్టిన గోల్ బంగ్లా లాంటి అరుదైన కట్టడాల సంగతి సరే, పేరులేని తాలూకా బంగళాల సంగతి ఎవరికీ పట్టదు. వాటిలో పడుకునేవాళ్లు లేకపోతే వెంటిలేటర్లు తెరిచేవాళ్లుండరు, కప్పు మీద ఆకులు ఊడ్చేవాళ్లుండరు. నాలుగు వానాకాలాలు అలా గడిస్తే దూలం చివర్లు పుచ్చిపోతాయి.

మరమ్మతు పేరుతో జరిగే నష్టం ఇంకా పెద్దది. సున్నపు గోడ తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే తేమ లోపలే చిక్కుకుని, లవణాలు పొంగి, లోపలి సున్నం పిండిపిండిగా రాలుతుంది. ఆ తర్వాత కట్టడం శిథిలమైందని రాసి కూల్చివేతకు అనుమతి తెచ్చుకోవడం సులువు. కూల్చిన టేకు దూలాలకు మంచి ధర పలుకుతుంది కూడా.

రెండు తెలుగు రాష్ట్రాల రోడ్లు భవనాల శాఖలు, అటవీ శాఖలు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. తమ చేతిలో ఉన్న పాత బంగళాల జాబితాను, గదుల అద్దెను ఆన్‌లైన్‌లో పెట్టాలి. అధికారులు రాని రోజుల్లో మామూలు ప్రయాణికులకు గదులివ్వాలి. పాత 24 గంటల నిబంధనను మళ్లీ అమలు చేయాలి. కూల్చివేత టెండరు పిలిచే ముందు సున్నం పని తెలిసిన మేస్త్రీకి ఒకసారి గోడ చూపించాలి.