అక్షయనిధి సాక్ష్యము: పండిత రమాబాయి ఆత్మకథనము

పండిత రమాబాయి 1907 సంవత్సరమున ఆంగ్లభాషలో వ్రాసి ప్రకటించిన సాక్ష్యగ్రంథము పరిమాణమున మిక్కిలి చిన్నది. తనకు లభించిన నిధి తరుగనిదని దాని నామమే చెప్పుచున్నది. క్రైస్తవులు దీనిని భక్తిగ్రంథముగా చదువుదురు. హిందువులలో పెక్కురు మతాంతరము చేసికొనినవారి వ్రాతయని విప్పియైన చూడరు. ఈ రెండు తెఱగులును గ్రంథమునకు అన్యాయమే చేయుచున్నవని మా తలంపు. దుఃఖపీడితమైన యొక హృదయము దేనివలన స్వస్థత నొందెను, ఆ స్వస్థత నిజమైనదా, నిజమైనదనుటకు గుఱుతేమి అను ప్రశ్నలతో దీనిని చదువవలెను.

రమాబాయి 1858లో పడమటి కనుమలయందలి గంగామూల యను అడవిలో జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే తన భార్యకు సంస్కృతము నేర్పినందులకు పండితులచే ఆక్షేపింపబడి, శాస్త్రప్రమాణములతోనే వారికి సమాధానము చెప్పిన ధీరుడు. ఆ తల్లియొద్దనే రమాబాయి సంస్కృతము నేర్చెను. కుటుంబమంతయు క్షేత్రమునుండి క్షేత్రమునకు పోవుచు, గుడులయొద్దను నదీతీరములందును పురాణపఠనము చేసి జీవించెడిది. 1870 తరువాతి కరవు దినములలో వారు ఉన్న ధనమంతయు దేవతార్చనలకును బ్రాహ్మణసంతర్పణలకును వెచ్చించిరి. నగలు, పాత్రలు, వస్త్రములు ఒకదానివెంట నొకటి అమ్ముడుపోయెను. కూలిపని చేయుటకు కులగౌరవ మడ్డువచ్చెను. ఆ పని వారికి చేతనైనదియు గాదు.

ఇచ్చట ఆంధ్రపాఠకుని గుండె కలుక్కుమనును. తుదిగింజవఱకు తినివేసిన పిమ్మట, తమవారియెదుట దరిద్రులై నిలుచుటకంటె చచ్చుటయే మేలని నిశ్చయించుకొని, ఆ కుటుంబమువారు ఒక రాత్రి వెడలిపోయినది తిరుపతినుండియే. వేంకటగిరి చుట్టుపట్ల మహారణ్యములో పదునొకండు దినములు నీరును, ఆకులును, గుప్పెడు అడవి ఖర్జూరపుపండ్లును వారి ఆహారము. వృద్ధుడును అంధుడునైన తండ్రి పుణ్యతీర్థమున బడి ప్రాణము విడువదలచెను. కుమారుడు తాను కూలిపనియైనను చేసి పోషింతునని చెప్పి ఆపెను. పిమ్మట కొలదికాలమునకే తండ్రియు, తల్లియు, అక్కయు ఒకరివెంట నొకరు గతించిరి. మరణమునకు ముందు తండ్రి ఈ కడగొట్టు బిడ్డను దగ్గఱకు దీసికొని, నిన్ను దేవునిచేతికి అప్పగించితిననియు, ఆయననే సేవింపవలసినదనియు చెప్పెనట.

ఈ ఘట్టము సాక్ష్యగ్రంథమున సంక్షిప్తముగా నున్నది. విస్తారముగా నున్నది 1897లో ఆమె వ్రాసిన క్షామానుభవముల రచనలో. విమర్శకుడు ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచుకొని చదువుట లాభకరము. మొదటి రచన మధ్యపరగణాలలో కరవు ప్రబలినప్పుడు పుట్టినది. ఆకలిచే చిక్కి శల్యమైన బాలికలను చూచినతోడనే రమాబాయికి తన అరణ్యవాసము జ్ఞప్తికి వచ్చెను. ఆ జ్ఞప్తియే ఆమెను నడిపించెను. ఆ కరవునుండి ఇంచుమించు 300 మంది బాలికలను, స్త్రీలను పూనా సమీపమునందలి కేడ్గాముకు గొనివచ్చెను. విశ్వాసము దుఃఖమును మఱపించునని సామాన్యముగా ఉపదేశకులు చెప్పుదురు. రమాబాయి విషయమున జరిగినది వేఱు. ఇరువదియేండ్లు గడచినను ఆమె ఏదియు మఱవలేదు. మానిన గాయమనగా మఱచిన గాయము గాదని ఈ చిన్న రచన వలన తెలియుచున్నది.

సాక్ష్యగ్రంథమున మిక్కిలి బలమైన భాగము మతాంతరమునకు ముందున్న శోధన. తాను చదివిన శాస్త్రపురాణములు తక్కిన విషయములందెల్ల విభేదించినను, స్త్రీజాతి దుష్టమనుటయందును, పురుషునివలె స్త్రీకి స్వతంత్రముగా మోక్షము లేదనుటయందును ఏకీభవించినవని ఆమె వ్రాయుచున్నది. కలకత్తాలో 1878లో పండిత, సరస్వతి బిరుదములనిచ్చి సత్కరించిన విద్వాంసులు, ఆ విద్యనొసగిన గ్రంథములలో ఆమెకు ఎట్టి స్థానమున్నదో ఆలోచించిరో లేదో! సోదరుడు 1880లో మరణించెను. ఆ యేడే ఆమె బ్రాహ్మణేతరుడైన న్యాయవాది విపినవిహారి మేధావిని వివాహమాడెను. రెండేండ్లైనను నిండకమునుపే విషూచిచే ఆయనయు గతించెను. చంకలో పసిపాప మనోరమ. ఈ దాంపత్యమునుగూర్చి గ్రంథమున కొలదివాక్యములే యున్నవి. ఇది లోపమని చెప్పక తప్పదు. కులమునెదిరించి చేసికొన్న వివాహము, క్రైస్తవబోధను భర్త ఇష్టపడకపోవుట, అతని గ్రంథములలోనే ఆమెకు లూకా సువార్త వంగభాషలో దొరకుట, ఇవన్నియు విరివిగా చెప్పదగినవి. సాక్ష్యము చెప్పువారు గమ్యమునుగూర్చిన తొందరలో దారిలో తోడుగా నడచినవారిని వెనుక విడిచిపోవుదురు. ఈ గ్రంథమును అందులకు మినహా కాదు.

1883లో ఆమె ఆంగ్లదేశమునకు బోయి వాంటేజిలోని సన్న్యాసినుల యాశ్రమమున నుండెను. అచ్చటివారు లండనునందలి ఫుల్‌హామునకు ఆమెను పంపిరి. పతితలని లోకము వెలివేసిన స్త్రీలు అచ్చట ఆదరింపబడుటయు, వారిలో కొందఱు మాఱిన మనస్సుతో రోగులకు పరిచర్య చేయుటయు ఆమె కన్నులార చూచెను. అట్టి స్త్రీలకు కఠినదండనమును విధించిన స్మృతులు చదివిన కన్నులవి. ఈ దయకు కారణమేమని యడుగగా, ఒక సోదరి క్రీస్తునకును సమరయ స్త్రీకిని బావియొద్ద జరిగిన సంభాషణమును యోహాను సువార్తనుండి చదివి వినిపించెను. వాదములు సాధింపలేని కార్యమును ఈ దర్శనము సాధించినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీని ఆమె బాప్తిస్మము పొందెను.

సామాన్యలేఖకుడైనచో ఇచ్చట గ్రంథమును ముగించెడివాడు. రమాబాయి ముగింపలేదు. బాప్తిస్మానంతరము ఎనిమిదేండ్లవఱకు తన కొక మతము దొరకెనే గాని క్రీస్తు దొరకలేదని నిర్మొగమాటముగా ఒప్పుకొనుచున్నది. విలియం హాస్లం అను ఆంగ్ల బోధకుని జీవితచరిత్ర చదివినప్పుడు తన లోటు తనకు తెలిసెనట. మతము మార్చుకొన్న దినముననే సర్వమును బాగుపడెనని డప్పు వేయువారికి ఈ పుటలు నచ్చవు. మాకు గ్రంథమంతటను ఇవియే ప్రియములు. దుఃఖము ఒక సంస్కారముతో తొలగదనియు, బుద్ధి అంగీకరించిన పిమ్మటకూడ హృదయము చాలకాలము ఎండియే యుండుననియు చెప్పుటకు ధైర్యము కావలెను.

అయితే ఆ హృదయపరివర్తనమునకు లోకమున నొక ఫలితము కలిగినది. 1889లో ఆమె బొంబాయిలో స్థాపించి, మఱుసటియేడు పూనాకు మార్చిన శారదాసదనము హిందూ వితంతువులకొఱకు ఏర్పడినది. మతవిషయమున తటస్థముగా నుండునని చెప్పి స్థాపింపబడినది. రమాబాయి ప్రార్థించు గది తలుపులు తెఱచియుండెను. బాలికలు వచ్చి కూర్చుండసాగిరి. తిలకుగారి కేసరి మండిపడెను. రానడే, భాండార్కరు మొదలగు సంస్కర్తలు సైతము 1893లో సలహాసంఘమునుండి తొలగిరి. బలాత్కారము లేదని రమాబాయి పక్షమువారు చెప్పుదురు. అది నిజమే కావచ్చును. కాని అన్నమును, వస్త్రమును, నీడను ఇచ్చిన తల్లివంటి యామె మోకరించినప్పుడు, పదేండ్ల అనాథ ప్రక్కన మోకరించుట స్వేచ్ఛయా, కృతజ్ఞతయా అని విడదీయుట యెవ్వరితరము? మాటను నమ్మి బిడ్డలను పంపినవారి కోపము అకారణము గాదు. అట్లని, వితంతువు తలగొఱిగించి మూలగూర్చుండబెట్టినప్పుడు నోరు మెదపక, ఆమె ప్రార్థించినప్పుడు మాత్రము ధర్మము చెడెనని కేకలువేసినవారి కోపమును మేము గౌరవింపజాలము. ఆమె తలుపు మూసి ప్రార్థించియుండవలసినదని కొందఱందురు. తన్ను బ్రదికించినదానిని దాచిపెట్టుమని యామెతో చెప్పుట యెంతకఠినమో ఈ గ్రంథము చదివినవారికి తెలియును. ఈ చిక్కును రమాబాయి తానే సూటిగా నెదుర్కొని వ్రాసియుండిన గ్రంథము విలువ ఇనుమడించియుండును.

ఉత్తరభాగమున శైలి సడలినది. 1905లో ముక్తిసదనమున చెలరేగిన ఉజ్జీవమును వర్ణించునప్పుడు ఆమె మాటలు సువార్తసభలలో అందఱు వాడు మాటలైనవి. పూర్వభాగమునందలి ఆకులు, ఖర్జూరపుపండ్లు, తండ్రి గ్రుడ్డికన్నులు ఇచ్చట లేవు. అనుభవము తీవ్రమైనకొలది భాష అరువుదగుట భక్తిరచనలకెల్ల సహజమైన జబ్బు. కేడ్గామునందు ఆమె చేసిన పని ఆ మాటలకంటె స్పష్టముగా మాటలాడును: బాలికలు నడపిన అచ్చుకూటము, నేతపని, పొలముపని, అంధులకు చదువు, పతితలకు కృపాసదనము. 1900 సంవత్సరపు గుజరాతు కరవు పిమ్మట అచ్చటి స్త్రీజనసంఖ్య వేయికి మించినది.

తరుగని నిధి యను మాటకు అసలు పరీక్ష గ్రంథము ముగిసిన పదునాలుగేండ్లకు వచ్చినది. తల్లికి కుడిభుజమై పనిచేసిన మనోరమ 1921 జూలైలో మరణించెను. అప్పటికి రమాబాయికి అఱువదిమూడేండ్లు, ఆరోగ్యము క్షీణించినది. సామాన్యస్త్రీలకు తెలియు మరాఠీలో బైబిలును మూలభాషలనుండి అనువదించుటకు ఆమె అప్పటికి చాల యేండ్లుగా శ్రమించుచుండెను. ఆ పనిని ముగించి, 1922 ఏప్రిలు 5వ తేదీని ఆమె కన్నుమూసెను.