నిప్పును వెనుకకు తీయు విద్య

అన్నము వండుట వంటలన్నిటిలో సులభమైనదని లోకము తలచును. పది కూరలు నేర్చినవారు సయితము తమ విద్యను గూర్చి చెప్పుకొనునపుడు అన్నమును లెక్కలోనికి తీసికొనరు. అయినను, ఒక యింటి వంటను పరీక్షింపవలసివచ్చినపుడు పెద్దవారు ముందుగా చేయిపెట్టి చూచునది కూరను గాక అన్నమునే యగుటవలనను, అది చిమిడినదా, పలుకు మిగిలినదా, మెతుకునకు మెతుకు విడివడియు మెత్తగా నున్నదా అనుదానిని బట్టియే వండినవారి నేర్పును నిర్ణయించుటవలనను, ఆ సులభకార్యమే తుదకు కఠినపరీక్ష యగుచున్నది. ఇటీవల మా నంద్యాల యిండ్లలోనికి సముద్రములు దాటి వచ్చుచున్న స్లో కుక్కరు అను పాత్ర ఈ పాత పరీక్షను మరల ముందునకు తెచ్చినది. మా అక్క కొడుకు అమెరికానుండి ఒకదానిని మోసికొనివచ్చి, ఆ దేశపు 120 వోల్టుల పాత్రను మన 230 వోల్టుల తీగకు తిన్నగా కలుపరాదు గావున దానికొక బరువైన ట్రాన్స్‌ఫార్మరును గూడ కొనిపెట్టి, "పొద్దున బియ్యం, నీళ్లు పోసి మీట నొక్కితే చాలు మామా, మధ్యాహ్నానికి అన్నం అదే అవుతుంది" అని బోధించి వెడలిపోయినాడు.

ఆ పాత్ర స్వరూపము నిరాడంబరమైనది. దళసరి పింగాణి కుండ, దాని చుట్టును లోహపు తొడుగు, నడుమ విద్యుత్తుతో వేడియెక్కు తీగ, పైన గాజుమూత. ఇంతకంటె మర్మ మేమియు లేదు. ఇడ్లీలు వండు విద్యుత్పొయ్యి వేయి వాట్లను మించి త్రాగుచుండగా ఇది రెండుమూడు వందల వాట్లతో తృప్తిపడును. చికాగో నగరమున ఇర్వింగ్ నాక్సన్ అను నాతడు 1936లో దీనికి పేటెంటు కోరి 1940లో పొందెను. లిథువేనియా దేశమందలి యూదుల పల్లెలో, విశ్రాంతిదినమున పొయ్యి ముట్టింపరాదను నియమముచేత, ముందునాటి సాయంకాలమే చిక్కుడుగింజల కుండలను రొట్టెలవాని ఆవములో నుంచి, చల్లారుచున్న ఆ వేడిమిపై రాత్రియంతయు ఉడుకనిచ్చెడివారని తల్లి చెప్పిన ముచ్చటయే తనకు ప్రేరణమని ఆయన చెప్పుకొనెను. ఆ హక్కులను కొనిన రైవల్ కంపెనీ 1971లో క్రాక్‌పాట్ అను పేరున దానిని విపణికి తెచ్చుటతో, పగలు ఉద్యోగములకు పోవు స్త్రీల యిండ్లలో అది స్థిరపడినది. పుట్టుకనుబట్టి చూచినచో అది గింజలకును మాంసమునకును ఏర్పడిన పాత్రయే గాని బియ్యమునకు ఏర్పడినది గాదు.

మందాగ్నిపై వండుట మనకు క్రొత్త గాదు. పాడిగల యింట పెరటిలో దాలిగుంట యొకటి యుండెడిది. పిడకల నిప్పు నివురుగప్పియుండగా దానిపై పాలకుండ నుంచిన, ఉదయమునుండి సాయంకాలమువరకు కాగి, ఎఱ్ఱనై, చేతిమందము మీగడ కట్టెడిది. బియ్యపు మిల్లులున్న మా నంద్యాలలో ఊకకు కొదువ లేదు. రేకుడబ్బా నడుమ ఒక కఱ్ఱను నిలిపి చుట్టును ఊకను దట్టముగా కూరి, ఆ కఱ్ఱను మెల్లగా తీసివేయగా ఏర్పడిన సొరంగమున క్రిందినుండి నిప్పంటించిన, పొగ తక్కువగా గంటలకొలది సమముగా మండు ఊకపొయ్యి సిద్ధమగును. వంగదేశమున ఇందుమాధవ మల్లిక్ అను వైద్యుడు 1910లో ఇక్మిక్ కుక్కరును నిర్మించి, అడుగున కొలది బొగ్గుల నుంచి, ఒకదానిపై నొకటిగా పేర్చిన గిన్నెలలో అన్నమును పప్పును కూరయు ఆవిరిపై నెమ్మదిగా వండు మార్గమును చూపెను. నాక్సన్ పేటెంటు కోరుటకు అది యిరువదియాఱేండ్లు ముందు. ఇన్ని మార్గము లుండియు, మా సీమ స్త్రీలు నిత్యము తినెడి వరియన్నమును మాత్రము దాలిలో వండలేదు. వారికి తీరిక లేక గాదు, బియ్యపు స్వభావము వారికి తెలియును గనుకనే.

వరి ఈ నేలకు తొలినుండి యున్న పంట గాదు. నల్లరేగడి భూములలో జొన్నయు కొఱ్ఱయు పండుచుండగా, వరియన్నము పండుగకును చుట్టమునకును దక్కెడిది. సుంకేసుల కడ తుంగభద్రకు అడ్డుకట్ట కట్టి, సేద్యమునకును పడవల రాకపోకలకును గూడ నుద్దేశించి మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో త్రవ్వనారంభించిన కర్నూలు-కడప కాలువ, లాభము లేక కుంటుపడి, 1882లో ప్రభుత్వము కొనిన పిదప క్రమముగా కుందూనది లోయను మాగాణిగా మార్చినది. నంద్యాలలో 1906లో వెలసిన వ్యవసాయ పరిశోధనస్థానము ప్రత్తికిని కొఱ్ఱకును పెట్టినది పేరు. అచ్చటి సూర్యనంది కొఱ్ఱ నేటికిని రైతుల నోట నున్నది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయైన బీపీటీ 5204, అనగా సాంబమసూరి, ఈ కాలువక్రింద కాలూనిన తరువాత, కర్నూలు బియ్యమనగా సన్నబియ్యమే యను ఖ్యాతి హైదరాబాదు అంగళ్లవరకు వ్యాపించినది. ఇట్లు కష్టపడి సంపాదించుకొనిన బియ్యమును వండుటలో మాకు పట్టింపు ఎక్కువైనచో ఆశ్చర్యము లేదు.

ఆళ్లగడ్డలో మా మేనత్త కట్టెలపొయ్యిమీద అన్నము వండుటను చూచినవారికి ఆ పట్టింపు బోధపడును. బియ్యము మూడుమార్లు కడిగి ఒకప్రక్కన నానబోసి, బోగాణిలో నీళ్లెక్కించి, ప్రత్తికట్టె ధారాళముగా ఎగదోసి, నీళ్లు తెర్లువరకు ఆమె బియ్యమును ముట్టెడిది గాదు. "ఎసురు తెర్లినంక పొయ్యల్ల అబ్బీ. సన్నీళ్లల్ల పోస్తే అది బువ్వ గాదు, గెంజయితాది" అనెడిది. బియ్యము పడిన వెంటనే మంట నింకను హెచ్చించి, గింజ మెత్తబడి నడుమ సూదిమొనయంత పలుకు మాత్రము మిగిలియుండగా ఒక్క మెతుకు నొక్కి చూచి, సిబ్బిపెట్టి గంజి వార్చి, కట్టెలన్నిటిని వెనుకకు లాగి, కొఱవినిప్పులు నాలుగు మూతపై వేసి, "ఇంగ దాని జోలికి పోగాకు" అని నన్ను హెచ్చరించి లేచిపోయెడిది. పొయ్యిలో మంట లేదు. బోగాణిలో నీరు లేదు. అయినను అన్నము అప్పుడే ఉమ్మగిలుచు, లోపలి ఆ తుదిపలుకును తనలోని వేడిమితోనే కరగించుకొనుచుండెడిది.

అన్నమునకు రెండు దశలు కలవని ఆమె చేతలవలన నేను గ్రహించితిని: మొదటిది తొందర, రెండవది నిదానము. శాస్త్రమును ఇదే చెప్పును. బియ్యములోని పిండిపదార్థము, రకమునుబట్టి, 55 నుండి 79 డిగ్రీల సెంటిగ్రేడు లోపల నీటిని పీల్చి ఉబ్బి మెత్తనగును. తెర్లుచున్న ఎసటిలో పడిన గింజ ఆ హద్దును క్షణములలో దాటును. మరుగునీటి పొంగు గింజలను కదలించుచు ఒకదాని కొకటి అంటుకొననీయదు. చల్లనీటిలో నుంచి మెల్లగా వేడిచేసినచో, గింజ ఆ హద్దుకడ చిరకాలము తచ్చాడి, పైపొర కరగి పిండి నీటిలో కలిసి, నీరు చిక్కనై, గింజలు జిగురుతో నొండొంటిని పట్టుకొనును. స్లో కుక్కరులో జరుగునది సరిగా నిదియే. నా కుక్కరులో బోధించిన విధముగనే తొలిసారి వండినపుడు, పింగాణిగోడ నంటిన అన్నము ఎండి పెచ్చుగట్టగా, నడిమి అన్నము పొంగలియై, మూతనుండి జారిన బొట్లచే పైపొర చెమ్మగిలి, ఒక్క కుండలోనే మూడు వంటలు దొరకినవి.

అట్లని యంత్రమాత్రమే అన్నమునకు పనికిరాదనుట అన్యాయము. జపానులో తోషిబా సంస్థ 1955 డిసెంబరులో విడుదల చేసిన విద్యుత్పాత్ర మేనత్త విద్యనే యంత్రమున నిమిడ్చినది. దానిని రూపొందించిన మినామి యోషితాదయు, ఎండలో చలిలో పలుమార్లు వండి వండి పరీక్షించిన ఆయన భార్య ఫుమికోయు కనిపెట్టిన కిటుకు సరళమైనది. వెలుపలి పాత్రలో కొలది నీరు పోయుదురు. ఆ నీరున్నంతవరకు వేడిమి నూఱు డిగ్రీలను దాటదు. నీరు తీరిన మరుక్షణమున వేడిమి పైకెగబ్రాకగా, లోహపుబద్ద యొకటి వంగి విద్యుత్తును త్రెంచివేయును. అనగా కట్టెలు వెనుకకు లాగుటను ఆ యంత్రము నేర్చినది. స్లో కుక్కరునకు తెలియనిది ఆ యొక్క విద్యయే. అది నిప్పును ఎగదోయనెరుగదు, వెనుకకు తీయనెరుగదు. ఒకే సెగను గంటలతరబడి కాపాడుటయే దాని గుణము, దోషమును.

అయినను ఇంట నున్న వస్తువును మూలబెట్టుట మా వంశాచారము గాదు గావున, నేనొక సంధి చేసికొంటిని. పాత సోనాబియ్యమును కడిగి అరగంట నానబెట్టి నీరు వంచివేయుదును. క్రొత్తబియ్యము జిగురు గావున ఈ పనికి ఏడాది నిలువయున్నదే తగును. పింగాణికుండ లోపలి గోడకు నేయి రాచి, ఖాళీగానే హెచ్చుసెగపై కొంతసేపు వేడెక్కనిచ్చి, గ్యాసుపొయ్యిమీద సలసల కాగిన నీటిని గ్లాసు బియ్యమునకు రెండు గ్లాసుల లెక్కన బియ్యముతోపాటు అందు పోయుదును. చల్లనికుండలో మరుగునీరు పోసిన పింగాణి పగులవచ్చును, ఇది మరువరాదు. మూతక్రింద పలుచని గుడ్డ పరచి అంచులను మూతపైకి మడచిన, ఆవిరిబొట్లు అన్నముపై పడవు. హెచ్చుసెగపై గంటన్నరకు కాస్త అటునిటుగా నీరింకును. అప్పుడు మీట కట్టివేసి పదినిమిషములు ఉమ్మగిలనిచ్చి అట్లకాడతో పొడిపొడిగా విప్పవలెను. అన్నము బాగుగనే వచ్చును. అయితే ఎసరు నేను కాచితిని, నిప్పు నేను తీసితిని; నడుమ నున్న పని మాత్రమే యంత్రము చేసినది.

దాని నిజమైన రాజ్యము వేఱొకటి కలదు. అచ్చట దానిని మించినది లేదు. ఉలవలను రాత్రి వేసిన తెల్లవారుసరికి చారునకు తగిన చిక్కని కట్టు సిద్ధముగా నుండును. సంగటికి వలసిన నూకలు ఎంత మెత్తనైన అంత మేలు గావున, అన్నమున దోషమైన చిమిడిపోవుట యిచ్చట గుణమగును. ఉడికిన నూకలపై రాగిపిండిని కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చిన పిదప తెడ్డుతో కలియగెలుకుటకు మాత్రము పాత కండబలమే కావలెను. కొఱ్ఱ పరమాన్నము సంగతి యింకను మనోహరము: పాలు అడుగంటక, పొంగిపోక, గంటలకొలది కుతకుతలాడుచు దాలిలో కాగిన పాలయొక్క వన్నెను వాసనను తెచ్చుకొనును. బెల్లము మాత్రము కుక్కరు కట్టివేసి, వేడి తగ్గిన తరువాతనే కలుపవలెను. ముందే వేసిన పాలు విరుగును, గింజయు గట్టిపడును.

హితవు ఒక్కటి. అన్నమున బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములు కాగిన నీటిలో సయితము చావక నిలిచియుండి, అన్నము గోరువెచ్చగా నున్నపుడు మొలచి విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. దళసరి పింగాణి వేడిని మెల్లగా విడుచును గావున, మీట కట్టి, మూతపెట్టి కుండను సాయంకాలమువరకు వదలుట ఆ జీవికి ఊయల కట్టుటయే. కరెంటు పోయి ఎంతసేపటికో వచ్చిన దినమునను ఇదే ప్రమాదము. అరువది డిగ్రీలకు పైన వేడిగా నుంచుట, లేనిచో వెంటనే పళ్లెమున పరచి చల్లార్చి ఫ్రిజ్జులో నుంచుట. ఈ రెండే మార్గములు.

నిదానము ఉత్తమగుణమని మనము పిల్లలకు బోధింతుము; మెల్లగా చేసినదెల్ల మేలైనదని నమ్ముదుము. అన్నము ఆ నమ్మికను సవరించును. తొందరపడవలసినచోట తొందరపడి, ఆగవలసినచోట ఆగుటయే నిదానము గాని, మొదటినుండి తుదివరకు ఒకే మందగమనము నిదానము గాదు. ఎసరు కాగి, బియ్యముడికి, గంజి వార్చువరకు పొయ్యికడ నిలువవలసినది అరగంటకు మించదు. ఆ యరగంటను మిగుల్చుకొనుటకై మూడుగంటలు వేచి, తుదకు పొంగలి తినువాడు కాలమును ఆదా చేసెనా, వ్యయపరచెనా? నా మట్టుకు నేను నిర్ణయించుకొంటిని: ఉలవలు, నూకలు, పరమాన్నము కుక్కరునకు, మధ్యాహ్నపు సన్నన్నము పొయ్యికి. మా అక్క కొడుకు వచ్చే సంక్రాంతికి వచ్చునపుడు పరమాన్నముతోనే ఎదురుకొందును. అన్నమును గూర్చి యడిగినచో, గంజి వార్చుటకు సిబ్బిని వాని చేతికే యిత్తును.