సెంట్రింగ్ విప్పాక

కాంక్రీటు గోడ కనబడితే నా చూపు ముందు సెంట్రింగ్ అతుకుల మీదికే పోతుంది. మన ఊళ్లలో అవి దొరకవు. పలకలు విప్పీ విప్పగానే ప్లాస్టరింగ్, ఆపైన లప్పం, రంగు. రోమ్‌లోని మాక్సి మ్యూజియంలో అలా కప్పేయడం లేదు. సెంట్రింగ్ ఎంత నునుపుగా కుదిరిందో గోడా అంతే నునుపు. వంపులు తిరుగుతూ సాగే ఆ గోడల కోసం వైబ్రేటర్ అవసరం లేకుండా తనంతట తానే మూలమూలకూ సర్దుకునే కాంక్రీటు వాడారు. ఒక అతుకు తప్పినా దాచే దారి లేదు. ఆ ధైర్యమంటే నాకు గౌరవం.

మాక్సి ఇటలీ వారి ఇరవై ఒకటో శతాబ్దపు కళల జాతీయ మ్యూజియం. ఫ్లామినియో పేటలో పాత సైనిక బ్యారక్‌ల స్థలంలో కట్టారు. 1998లో పెట్టిన పోటీకి 273 డిజైన్లు వచ్చాయి. బాగ్దాద్‌లో పుట్టిన జహా హదీద్‌ది గెలిచింది. 2009 నవంబరులో భవనాన్ని ఖాళీగానే జనానికి చూపించారు; బొమ్మలకంటే ముందు సాషా వాల్ట్స్ బృందం నర్తకులు ఆ గదుల్లో అడుగుపెట్టారు. అసలు ప్రారంభం 2010 మేలో.

వంగిన గోడలకు చిత్రాలెలా తగిలిస్తారని చాలామంది అడిగారు. అడగవలసిన మాటే. నన్ను కట్టిపడేసింది మాత్రం వేరే సంగతి: ఒకే కప్పు కింద కళకో మ్యూజియం, ఆర్కిటెక్చర్‌కో మ్యూజియం. ఆర్కిటెక్టులు కార్లో స్కార్పా, ఆల్డో రోస్సీ గీసిన కాగితాలు అక్కడ దేశం సొత్తుగా భద్రంగా ఉన్నాయి. పియెర్ లూయీజీ నేర్వీవి కూడా. ఆ ఇంజనీరు ముందే పోత పోసిన పలకలు పేర్చి, వాటి నడుమ కాంక్రీటు నింపి కట్టిన క్రీడామందిరం, 1957 నాటిది, మ్యూజియానికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. చుట్టూ ఏటవాలుగా నిలబడి గుమ్మటాన్ని మోసే స్తంభాలను కళ్లారా చూడొచ్చు. ఏ గీత ఏ బరువును మోస్తోందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి పాఠం నాకు తెలీదు.

మనకూ అలాంటి కట్టడం ఉండేది. 1972లో ఢిల్లీ ప్రగతి మైదానంలో ఆర్కిటెక్టు రాజ్ రేవాల్, ఇంజనీరు మహేంద్ర రాజ్ కలిసి లేపిన హాల్ ఆఫ్ నేషన్స్. ఉక్కుతో చేసే అల్లికను కాంక్రీటుతో, పనివాళ్ల చేతుల మీదుగా, సైట్‌లోనే పోత పోయించారు. లోపల ఒక్క స్తంభం లేదు. 2017 ఏప్రిల్‌లో కూల్చేశారు. ఆర్కిటెక్టులు ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆ బాధ నాకింకా తగ్గలేదు.

2022లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా దక్షిణాసియా కట్టడాల మీద ప్రదర్శన పెట్టినప్పుడు హాల్ ఆఫ్ నేషన్స్‌కు అందులో చోటు దక్కింది. మన దేశంలో కూడా దానికొక గది కావాలి. ఆ డ్రాయింగులు, నమూనాలు, సెంట్రింగ్ కట్టిన నాటి ఫొటోలు అన్నీ ఒకచోట, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు రైలెక్కి వెళ్లి చూసుకునేలా.