వెనకసీటు నుంచి విమర్శ

నవలని విమర్శించాలంటే ముందు ఒక నవల రాసి ఉండాలా అని మా రచయిత్రుల సమావేశాల్లో అప్పుడప్పుడూ వాదన వస్తుంటుంది. అక్కర్లేదు, శ్రద్ధగా చదివి ఉంటే చాలునంటాను నేను. పప్పులో ఉప్పెక్కువైందని చెప్పడానికి పప్పు వండటం వచ్చి ఉండాలా ఏమిటి? ఆ ధైర్యంతోనే ఇవాళ మోటారు సైకిళ్ళ మీద విమర్శకి పూనుకున్నాను. నాకు చేతయింది స్కూటరు నడపడమే. మోటారు సైకిలుతో నా పరిచయమంతా వెనకసీటు మీదే, అదీ ఇరవై రెండేళ్ళుగా. అయితే వెనకసీటుని చిన్నచూపు చూడకండి. నడిపేవాడికి రోడ్డు కనిపిస్తుంది కనక గుంట రాగానే ఒళ్ళు బిగబట్టుకుంటాడు. వెనకున్న మనిషికి గుంట సంగతి నడుము చెప్తేనే తెలుస్తుంది. బండి అసలు గుణం ఆమెకి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఎదిగిన మగపిల్లలున్న ఇళ్ళల్లో ఇప్పుడొక చర్చ నడుస్తోంది, స్పోర్ట్స్ బైకా, అడ్వెంచర్ బైకా అని. (ఆడపిల్లలూ అడుగుతున్నారు, సంతోషం.) రెండింటికీ తేడా తెలియని వారికోసం ఆనవాళ్ళు చెప్తాను. ఒంటినిండా ప్లాస్టిక్ డొప్పలు తొడుక్కుని, హ్యాండిలు కిందికి వంగి, నడిపేవాడు ట్యాంకు మీద బోర్లా పడుకున్నట్టు కనిపిస్తే అది స్పోర్ట్స్ బైకు. దాని వెనకసీటు పిట్టగోడ మీద కాకి కూచునేంత జాగాలో, నడిపేవాడి భుజాల దాకా లేచి ఉంటుంది. ఇక ఎత్తుగా, ముందు చక్రం పెద్దదిగా, కొంగముక్కులాంటి మడ్‌గార్డుతో, వెడల్పాటి హ్యాండిలుతో కాస్త అనాకారిగా కనిపించేది అడ్వెంచర్ బైకు. దాని మీద మనిషి కుర్చీలో కూచున్నట్టు నిటారుగా కూచుంటాడు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. రోజూ తిరగడానికి అడ్వెంచర్ బైకే మేలు. పేరు చూసి హడలిపోకండి. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఇందులో సాహసమూ అంతే. ఆఫీసుకీ, కూరల బజారుకీ, పిల్లని ట్యూషన్‌లో దింపడానికీ పనికొచ్చే బండికి ఎవరో సరదాపడి వీరుడి పేరు పెట్టారన్నమాట.

దాని పుట్టుకలో మాత్రం సాహసం ఉంది లెండి. 1980లో జర్మనీలో బీఎండబ్ల్యూ వారు ఆర్80 జీ/ఎస్ అని ఒక బండి తెచ్చారు. ఆ రెండక్షరాల్లో ఒకటి రోడ్డులేని నేల, రెండోది రోడ్డు. రెండిటి మీదా నడుస్తుందని భావం. మరుసటి ఏడు పారిస్ నుంచి ఆఫ్రికా ఎడారిమీదుగా డకార్ దాకా జరిగిన పందెంలో ఆ బండివాళ్ళే నెగ్గారు. స్పోర్ట్స్ బైకుదీ పందెం వంశమే, కాకపోతే నున్నటి తారు ట్రాక్ మీద పందెం. 1985లో వచ్చిన సుజుకీ జీఎస్ఎక్స్-ఆర్750 ఆ పందెపు బండిని దాదాపు ఉన్నదున్నట్టుగా వీధిలోకి తెచ్చింది. అంటే ఒకటి ఎడారికోసం పుట్టింది, ఒకటి అద్దంలాంటి రోడ్డుకోసం పుట్టింది. మన కాలనీ వీధి ఈ రెండిట్లో దేనికి దగ్గర చుట్టమో మీరే చెప్పండి!

స్పోర్ట్స్ బైకు మీద ఆ వంగి కూచోవడం అందం కోసం కాదు. గాలిని చీల్చడం కోసం. గంటకి వంద కిలోమీటర్లు దాటి పోతున్నప్పుడు ఎదురుగాలి రొమ్మును పైకి ఎత్తిపడుతుంది, మణికట్ల మీద భారం తగ్గుతుంది. లెక్క సరిగానే ఉంది. కానీ అమీర్‌పేట సిగ్నలు దగ్గర ఎదురుగాలి ఎక్కణ్ణించి వస్తుంది? పాతిక, ముప్ఫై వేగంలో మనిషి పైభాగం బరువంతా రెండు మణికట్ల మీదే పడుతుంది. వెనక ఇంకో మనిషి కూచుంటే బ్రేకు వేసినప్పుడల్లా ఆ బరువూ తోడవుతుంది. పైగా డొప్పలు అడ్డమొచ్చి హ్యాండిలు ఎక్కువ తిరగదు. సందు చివర బండి మళ్ళించాలంటే రెండుసార్లు వెనక్కీ ముందుకీ నెట్టాలి. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆగితే ఇంజను సెగ తొడలకి తగులుతుంది.

ఇంజను స్వభావం కూడా చూడండి. మధ్యతరగతి కుర్రాళ్ళ కలల బండి యమహా ఆర్15 మన దేశంలో 2008లో వచ్చింది. దాని 155 సీసీ ఇంజను పూర్తి శక్తి చూపించేది నిమిషానికి 10,000 చుట్ల దగ్గర. 2016లో వచ్చిన మొదటి హిమాలయన్ (ఇప్పుడది తయారు కావడంలేదు, 2023 నుంచి దాని స్థానంలో 452 సీసీది వచ్చింది) లాగుడు బలమంతా 4,000, 4,500 చుట్ల దగ్గరే చూపించేది. అంటే ఒకటి గొంతు చించుకుంటేగాని పని చెయ్యదు, రెండోది మామూలుగా మాట్లాడుతూనే పని చేసుకుపోతుంది. ఇంట్లో ఎలాంటి మనిషి ఉంటే సుఖమో ఆడవాళ్ళకి నేను చెప్పాలా?

రోడ్ల సంగతి. స్పీడు బ్రేకరుకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి కొలత ఒకటుంది: ఎత్తు 10 సెంటీమీటర్లు, నిడివి 3.7 మీటర్లు, తాబేలు వీపులా సన్నటి ఒంపు. ఆ లెక్కన ఆర్15 కింద ఉండే 170 మిల్లీమీటర్ల ఖాళీ ధారాళంగా సరిపోవాలి. కానీ మా వీధిలో స్పీడు బ్రేకరుని చూస్తే ఎవరి స్లాబులోనో మిగిలిన కాంక్రీటు పారెయ్యడం ఇష్టంలేక అడ్డంగా పోసినట్టుంటుంది. ఇద్దరు కూచుంటే బండి దిగుతుంది, పొట్ట గీరుకుంటుంది. హీరో ఎక్స్‌పల్స్ 200కి ఆ ఖాళీ 220 మిల్లీమీటర్లు. ముందు చక్రం 21 అంగుళాలు, ఆర్15కి 17. చిన్న చక్రం గుంటలో పడుతుంది, పెద్ద చక్రం గుంట మీదుగా దాటుతుంది. ఎడ్లబండికి చక్రాలు అంత పెద్దవి ఎందుకు పెట్టారో మన తాతల్ని అడిగితే చెప్పేవారు. నా స్కూటరు చక్రాలు మరీ చిన్నవి, వానాకాలంలో దాని అవస్థ చూడలేను.

ఇదంతా నడిపేవాడి గోడు. నాకు ముఖ్యమైంది ఇంకొకటుంది.

మా ఆడపడుచు కొడుకు మూడేళ్ళ క్రితం ఉద్యోగం రాగానే ఎర్రటి స్పోర్ట్స్ బైకు కొన్నాడు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, హారతిచ్చింది వాళ్ళమ్మే. ఆ తర్వాత ఆవిడ దాని మీద ఒక్కసారే కూచుంది. కూచుంది అనకూడదు, ఎక్కించబడింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. కాళ్ళు పెట్టుకునే కడ్డీ అంత పైన ఉంటే మోకాలు గెడ్డాన్ని తాకుతుంది. పట్టుకోవడానికి వెనక ఏమీ లేదు. చీరతో ఒకపక్కకి కూచునే వీలూ లేదు. వీధి చివర దాకా వెళ్ళి, ‘‘దింపెయ్యి నాయనా, నువ్వు పద’’ అంది. అప్పటినుంచీ ఆవిడ డాక్టరు దగ్గరికి ఆటోలో, కొడుకు ఆఫీసుకి బైకు మీద. కుర్రాడు చెడ్డవాడు కాదు. ఆటోకి డబ్బులిస్తాడు, ఫోను చేసి చేరావా అని అడుగుతాడు. కానీ ఇంట్లో బండి ఉండీ తల్లికి అందులో చోటు లేకుండా పోయింది. ఆవిడ ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

చట్టం ఈ సంగతి ఎప్పుడో ఆలోచించింది సుమండీ. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చదివితే నాకు ముచ్చటేసింది. వెనక మనిషిని కూచోబెట్టుకునే మోటారు సైకిలుకి పట్టుకోవడానికి గట్టి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకునే ఏర్పాటుండాలి, కూచున్న మనిషి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలి. మనం చీర గార్డు అంటామే, అదే. కొత్త స్పోర్ట్స్ బైకు ఇంటికి రాగానే కుర్రాళ్ళు మొట్టమొదట ఊడబీకేది దాన్నే. ‘లుక్కు’ పాడవుతుందిట! 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు, అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళే అని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెప్తోంది. అలాంటి దేశంలో పైటకొంగు కోసం పెట్టిన ఇనపకడ్డీ అందానికి అడ్డమొచ్చింది!

అడ్వెంచర్ బైకులకి వెనక సామానుకోసం చట్రం ఉంటుంది, దాన్నే పిడిగా పట్టుకోవచ్చు. సీటు ముందూ వెనకా అంత తేడా లేకుండా పొడుగ్గా ఉంటుంది. మావారి బండి (పేరు చెప్పను, ఉచిత ప్రకటన ఎందుకు?) మీద హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళాం. మన్ననూరు దాటాక నల్లమల మలుపుల్లో నేను ఆయన చొక్కా పట్టుకోలేదు. చెట్లు చూస్తూ కూచున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో బండి మీద దృశ్యం చూడటం అదే మొదలు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. అడ్వెంచర్ బైకుకి లోపాలు లేకపోలేదు, అందులో పెద్దది ఎత్తు. ఎక్స్‌పల్స్ సీటు దాదాపు 825 మిల్లీమీటర్లు, కొత్త హిమాలయన్‌దీ అక్కణ్ణించే మొదలు. అయిదడుగుల రెండంగుళాల మనిషికి బొటనవేళ్ళే నేలకి ఆనతాయి. బరువు చూస్తే కొత్త హిమాలయన్ 196 కిలోలు, ఆర్15 సుమారు 142. పడితే లేపడానికి ఇరుగుపొరుగుని పిలవాలి. మనకోసం బండి చేశామని చెప్పుకునే కంపెనీలు మన కొలతలు తీసుకోకపోవడం ఏం న్యాయం? చీరతో ఆ ఎత్తుకి ఎక్కడమూ ఒక విద్యే. ముందు కడ్డీ మీద ఎడమకాలు మోపి, నడిపే ఆయన భుజం ఆసరా తీసుకుని లేవాలి. నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. కాకి సీటు మాత్రం నాలుగేళ్ళకీ అలవాటు కాదు.

ధర సంగతి కూడా ఇంటి లెక్కలు రాసేవాళ్ళం మనమే కనక చెప్తున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బండ్ల మీద జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. పెద్దది కావాలని పేచీ పెట్టే అబ్బాయికి ఈ రెండంకెలూ కాగితం మీద రాసిస్తే చాలు. ఊళ్ళో తిరగడానికి 200, 250 సీసీ అడ్వెంచర్ బైకు ధారాళం.

ప్రకటనల్ని మాత్రం నేను క్షమించను. 2004లో ‘ధూమ్’ సినిమాలో జాన్ అబ్రహాం హయబుసా మీద దూసుకుపోయిన దగ్గర్నించీ స్పోర్ట్స్ బైకు అంటే ఒంటరి మగాడు. అడ్వెంచర్ బైకు ప్రకటన తెరిస్తే లద్దాఖ్ కొండలు, మళ్ళీ ఒంటరి మగాడే. బియ్యం బస్తా ఏదీ? పెళ్ళాం ఏదీ? అమ్మ ఏదీ? రెండు కథల్లోనూ కుటుంబం చచ్చిపోయిందా? 2011లో హీరో వారు ఇంపల్స్ అని ఇలాంటి బండే తెచ్చారు. జనం కొనలేదు. కొండలెక్కే బండి మాకెందుకనుకున్నారు కాబోలు. అది మీ వీధి గుంటల కోసమే అని ఒక్క ప్రకటనలో చెప్పి ఉంటే ఎలా ఉండేదో!

సాహసం కావాలనుకున్న ఆడవాళ్ళు కూడా ఏం ఎంచుకున్నారో చూడండి. 2018లో జై భారతి మరో ముగ్గురు మహిళలతో హైదరాబాదు నుంచి బయల్దేరి ఆరు దేశాల్లో దాదాపు 17,000 కిలోమీటర్లు తిరిగొచ్చారు. వారిలో ఒకరైన పియా బహదూర్ ‘రోడ్ టు మెకాంగ్’ అని పుస్తకం కూడా రాశారు. వాళ్ళ బండ్లు డొమినార్ 400లు. వాటికి అడ్వెంచర్ అన్న పేరు లేదు, బోర్లా పడుకోబెట్టే స్పోర్ట్స్ బైకులూ కావు. వెన్ను నిలిపి కూచునే బండ్లు.

షోరూముకి మీరూ వెళ్ళండి. అక్కడి అబ్బాయి సీసీలూ మైలేజీ మీవారికి చెప్తుంటాడు, మీకు కూల్‌డ్రింకు ఇస్తాడు. అది పక్కన పెట్టి, వెనకసీటు ఎక్కి చూస్తానని అడగండి. నేనడిగితే అతను కంగారుపడి మేనేజరుని పిలిచాడు. ఇద్దరూ కలిసి చెరోపక్కా బండిని పట్టుకున్నారు. చీరతోనే ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. చీర గార్డు వేరేగా కొనుక్కోవాలన్నాడు మేనేజరు. 123వ నిబంధన ఫోనులో తీసి చూపించాను. కాసేపు చదివి, బిల్లులోంచి ఆ పద్దు కొట్టేశాడు.