మసీదు నిర్మాణంలో సౌందర్యానికి చోటెక్కడ?

ఒక ఊరివారు మసీదు కట్టాలని సంకల్పించినప్పుడు సాధారణంగా రెండు రకాల అభిప్రాయాలు వినవస్తాయి. ఎత్తైన మీనార్లు, పెద్ద గుమ్మటం, తళతళలాడే పాలరాయి ఉండాలని కొందరంటారు. నాలుగు గోడలూ పైకప్పూ ఉంటే నమాజుకు చాలు, మిగతాదంతా దుబారా అని మరికొందరంటారు. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా తోస్తాయి. కాని రెండింటికీ మూలమైన భావన ఒక్కటే. సౌందర్యమంటే కట్టడం పూర్తయిన తర్వాత పైన అద్దే పూత అని ఉభయులూ నమ్ముతున్నారు. ఆ పూతకు ఒకరు డబ్బు పెడదామంటారు, మరొకరు ఆ డబ్బు మిగుల్చుదామంటారు. ఈ నమ్మకం సరైనదేనా అన్నది ఆలోచించవలసిన విషయం.

అందం పట్ల ఇస్లాంకు వైముఖ్యం లేదు. మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడడం కూడా అహంకారమేనా అని ఒక వ్యక్తి అడిగాడు. అల్లాహ్ సౌందర్యాన్ని ప్రేమిస్తాడనీ, సత్యాన్ని తిరస్కరించి తోటివారిని చిన్నచూపు చూడడమే అహంకారమనీ దైవప్రవక్త (స) వివరించిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. అదే ప్రవక్త (స) ఒకసారి నగిషీ ఉన్న వస్త్రం కప్పుకొని నమాజు చేశారు. ఆ నగిషీ తమ ధ్యాసను మరల్చినందువల్ల దాన్ని అబూ జహమ్ గారికి పంపి, సాదా వస్త్రం తెప్పించుకున్నారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. మస్జిదె నబవీని తిరిగి కట్టించేటప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) చేసిన హెచ్చరిక బుఖారీ గ్రంథంలో కనబడుతుంది. ప్రజలను వాన నుండి కాపాడేలా కట్టమని, ఎరుపు పసుపు రంగులతో వారి మనసు చెదరగొట్టవద్దని ఆయన ఆదేశించారు. ఈ మూడు సంఘటనలనూ కలిపి చూస్తే ఒక కొలబద్ద దొరుకుతుంది. అందం ఉండవచ్చా లేదా అన్నది ప్రశ్న కాదు. ఆ అందం వస్తువు ఉద్దేశానికి తోడ్పడుతున్నదా, అడ్డు తగులుతున్నదా అన్నదే ప్రశ్న.

హైదరాబాదులోని మక్కా మసీదును ఈ కొలబద్దతో చూద్దాం. ముహమ్మద్ కుతుబ్ షా హయాంలో మొదలైన ఈ నిర్మాణం ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయింది. చార్మినార్ గచ్చుపనిలో కనిపించే సుకుమారమైన అలంకరణ ఇక్కడ తక్కువ. ఉన్నదల్లా నల్లసేనపు రాయి, వరుసగా ఐదు పెద్ద తోరణాలు, ముందు విశాలమైన ఆవరణ. అయినా ఆ తోరణాల ముందు నిలబడినవారి మనసు తనంతట తానే నిమ్మళిస్తుంది. ఆ గాంభీర్యం ఎత్తుకూ వెడల్పుకూ మధ్య ఉన్న పొందిక నుండి వచ్చింది. లోతైన హాలులోకి గాలీ వెలుతురూ పంపేవి ఆ తోరణాలే. పండుగనాడు లోపల పట్టని జనానికి చోటిచ్చేది ఆ ఆవరణే. కంటికి ఇంపైనదే అక్కడ పని కూడా చేస్తున్నది. ఒక పరిమితి మాత్రం చెప్పక తప్పదు. రాతి కప్పు బరువు మోయడానికి లావుపాటి స్తంభాలు కావాలి, ఆ స్తంభాలు సఫ్‌లను విడదీస్తాయి. అది ఆనాటి నిర్మాణ విధానం విధించిన హద్దు.

ఈ కాలపు నిర్మాణాల్లో ఢాకా నగరంలోని బైతుర్రవూఫ్ మసీదు పరిశీలించదగినది. 2012లో పూర్తయి, 2016లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం పొందింది. దీన్ని రూపొందించిన వాస్తుశిల్పి మరీనా తబస్సుమ్. స్థలాన్ని ఇచ్చినవారు ఆమె అమ్మమ్మ. ఆ స్థలం ఖిబ్లాకు సూటిగా లేదు. ఈ చిక్కు మనకు కొత్త కాదు. మన పట్టణాల్లో అలాంటి స్థలం దొరికినప్పుడు తివాచీ గీతలు ఏటవాలుగా వేసి, మూలలు వృథాగా వదిలేస్తాము. ఆమె చతురస్రం లోపల ఒక వలయాన్ని అమర్చి, దాని లోపల నమాజు హాలును ఖిబ్లా వైపు తిప్పారు. వలయానికీ హాలుకూ మధ్య మిగిలిన ఖాళీలే వెలుతురు దిగే ఆవరణలయ్యాయి. హాలు కప్పును అంచున ఉన్న ఎనిమిది స్తంభాలే మోస్తాయి గనుక సఫ్‌ల మధ్య అడ్డం లేదు. ఇటుక గోడల సందుల గుండా గాలి ఆడుతుంది. కప్పులోని చిన్న రంధ్రాల గుండా వెలుగు చుక్కలు చుక్కలుగా నేలమీద పడుతుంది. గుమ్మటమూ లేదు, మీనారూ లేదు. ఇక్కడ అందాన్ని, అవసరాన్ని వేరుచేసి చూపడం ఎవరి తరమూ కాదు.

ఇక మన చిన్న పట్టణాల్లో కొత్తగా లేచే మసీదులను చూడండి. చందాలో పెద్ద భాగం మీనార్లకూ ముఖభాగానికీ పోతుంది. లోపల నేలకూ గోడలకూ నునుపైన టైల్స్, కిటికీలకు మూసిన అద్దాలు. నున్నని గట్టి తలాలు శబ్దాన్ని తిప్పికొడతాయి గనుక ఖుత్బా మాటలు ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగమవుతాయి. వినబడడం లేదని లౌడ్‌స్పీకర్ పెంచుతారు, గందరగోళం ఇంకా పెరుగుతుంది. కరెంటు పోతే వేసవి జుహర్ నమాజులో నిలవడం కష్టం. వుజూ చేసేచోట తడిసిన టైల్స్ మీద వృద్ధులు గోడ పట్టుకొని నడుస్తారు. మోకాళ్ళ నొప్పులవారు ఎత్తైన మెట్లు చూసి ఇంట్లోనే నమాజు చేసుకుంటారు. స్త్రీలకు చోటు అడిగితే స్థలం లేదంటారు. వీటిని సౌకర్యాల లోపాలని కొట్టిపారేయడం సరికాదు. సౌందర్యదృష్టి కొరవడినందువల్ల వచ్చిన లోపాలివి. మనిషి చెవినీ, ఒంటినీ, అడుగునూ మరచిపోయి, రోడ్డుమీద పోయేవాడి కంటిని మాత్రమే తలచుకొని కట్టిన కట్టడం ఎంత మెరిసినా అందమైనది కాదు.

మీనారు మన ఉనికికి గుర్తు కదా, అది లేకపోతే మసీదని తెలిసేదెలా అని ఎవరైనా అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్న. బైతుర్రవూఫ్ విషయంలో కూడా ఈ విమర్శకు తావున్నది. దారినపోయే బాటసారి దాన్ని మసీదుగా గుర్తించడం సులభం కాదు. అయితే ప్రవక్త (స) కాలంలో మీనార్లు లేవు. హజ్రత్ బిలాల్ (రజి) మసీదు దగ్గరి ఒక ఎత్తైన ఇంటి పైనుండి అజాన్ ఇచ్చేవారు. ఎత్తు నుండి పిలవవలసిన అవసరమే తర్వాతి కాలంలో మీనారు రూపం దాల్చింది. గుర్తుగా నిలవడం కూడా ఒక పనే. ఆ పనికి దూరం నుండి కనబడే ఒక్క మీనారు చాలు. చిన్న మసీదుమీద నాలుగు మీనార్లు నిలిపి, వుజూఖానాకు డబ్బు చాలలేదనడం మాత్రం సమర్థనీయం కాదు. ఆ చందాలో రోజుకూలీ చేసేవాడి సంపాదన కూడా ఉంది.

కనుక కమిటీవారు మేస్త్రీకి మరో మసీదు ఫోటో చూపించి అలాగే కట్టమనడానికి ముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. ఎండ ఏ వైపు నుండి వస్తుంది, గాలి ఎటు ఆడుతుంది, చివరి సఫ్‌లో ఉన్నవారికి ఇమాము గొంతు ఎలా చేరుతుంది, ఊతకర్ర పట్టుకున్నవారు లోపలికి ఎలా రాగలరు, స్త్రీలు ఎక్కడ నమాజు చేస్తారు? గీతలు గీయకముందే వీటికి జవాబులు వెతికితే కట్టడానికి సగం అందం అక్కడే సమకూరుతుంది. మిగతా సగం పనివాడి నేర్పును బట్టి వస్తుంది. అప్పటికీ డబ్బు మిగిలితే మీనారు సంగతి చూసుకోవచ్చు.