మనుషుల్ని ఎంచే పని

తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను మనం ఏటా సెప్టెంబరు 5న ఉపాధ్యాయుడిగా తలుచుకుంటాం. పటానికి దండ వేసి, నాలుగు ఉపన్యాసాలు ఇచ్చి, అక్కడితో సరిపెడతాం. 1931 నుంచి 1936 దాకా ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా ఉన్న సంగతి ఆ సందడిలో ఎవరికీ గుర్తుకు రాదు. తిరుత్తణి ఉన్న తిరువళ్లూరు జిల్లా చుట్టుపక్కల, అంబత్తూరు నుంచి గుమ్మిడిపూండి దాకా, చిన్న షెడ్డులో మొదలై వందల మందికి పెరిగిన కంపెనీలను నడిపేవారికి ఆయన తత్త్వగ్రంథాల కంటే ఆ అయిదేళ్లే ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం.

ఆయన వెళ్లేనాటికి ఆ విశ్వవిద్యాలయం వయసు అయిదేళ్లు. బెజవాడ నుంచి వాల్తేరుకు మారి ఏడాది కూడా సరిగా కాలేదు. ఆనర్స్ చదువులు అప్పుడే మొదలవుతున్నాయి. అలాంటి చోట పేరున్న పెద్దలను తెచ్చి కూర్చోబెట్టడం తేలిక, నిందా రాదు. ఆయన హయాంలో జరిగింది వేరు. 1932లో భౌతికశాస్త్రంలో చేరిన సూరి భగవంతానికి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. మరుసటి ఏడు రసాయనశాస్త్ర శాఖను చేతికిచ్చిన టి.ఆర్. శేషాద్రికి ముప్పైమూడు. తత్త్వశాస్త్రానికి కలకత్తా యువకుడు హుమాయూన్ కబీర్‌ను పిలిపించారు. చరిత్ర చెప్పడానికి వచ్చిన హీరేన్ ముఖర్జీ ఆ తర్వాత కమ్యూనిస్టు నాయకుడయ్యారు. వేదాంతం రాసే పెద్దమనిషి నీడలో ఇలాంటివాళ్లకు చోటు దొరకడమే నాకు అసలు విశేషంగా తోస్తుంది. తనలా ఆలోచించేవాళ్లనే చేర్చుకుంటూ పోయే యజమాని దగ్గర మనుషులు పెరుగుతారు గానీ సంస్థ పెరగదు.

పునాది వేసింది తొలి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి కదా, ఏటా లక్ష రూపాయలిచ్చింది జయపురం మహారాజా విక్రమదేవ వర్మ కదా, ఇందులో రాధాకృష్ణన్ గొప్పేముంది అనవచ్చు. నిజమే. కానీ పునాదీ డబ్బూ ఉండి కూడా చతికిలబడ్డ సంస్థలు మనకు కొత్త కాదు. లక్ష రూపాయలు భగవంతాన్ని వెతికి పట్టుకోలేవు. రెండో ఆక్షేపణకు ఇంకాస్త పదునుంది: కబీర్, ముఖర్జీ ఎంతోకాలం నిలవలేదు, త్వరలోనే కలకత్తా దారి పట్టారు, మనుషుల్ని నిలుపుకోలేనిది ఏం నాయకత్వం? నిలుపుకోవడం ముఖ్యం కాదని నేను అనను. అయితే లెక్క చూడాల్సింది పెద్దాయన వెళ్లిపోయాక. 1936లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లారు, రామలింగారెడ్డి వైస్ చాన్సలర్‌గా తిరిగి వచ్చారు. శేషాద్రి, భగవంతం మాత్రం మరో పదేళ్లకు పైగా అక్కడే పరిశోధన సాగించారు. వాళ్ల విధేయత ఒక మనిషికి కాక పనికే అయ్యింది కాబట్టి కుర్చీలో ఎవరు మారినా ప్రయోగశాల ఆగలేదు.

కొత్తవాళ్లను నమ్మి పని అప్పగించే విషయంలో యూనివర్సిటీ వేరు, ఫ్యాక్టరీ వేరు అనేవాళ్ల మాటలోనూ బలముంది. పాఠం తప్పితే మర్నాడు దిద్దుకోవచ్చు, ప్రెస్ మెషీన్ దగ్గర తప్పితే చెయ్యి పోతుంది. అందుకే అక్కడ భద్రత నియమాల్లో ఎవరికీ సడలింపు ఉండకూడదు. అయితే చాలాచోట్ల యజమాని చేతిలో ఇరుక్కుపోయే నిర్ణయాలు భద్రతకు సంబంధించినవి కావు. విడిభాగాల కొనుగోలు, ఓవర్‌టైమ్, ఒకరోజు సెలవు లాంటివి. వీటికోసం ముప్పైమంది ఆయన గది బయట నిలబడితే, ఆయనకు కొత్తవాళ్లను వెతికే తీరిక ఎక్కడిది? కొత్తగా చేర్చుకునే సూపర్‌వైజర్ ఎంత మొత్తం దాకా, ఏయే విషయాల్లో, ఎవర్నీ అడగకుండా సంతకం పెట్టవచ్చో చేరిన రోజునే కాగితం మీద రాసిస్తే ఆ క్యూలో సగం తగ్గుతుంది.